మా అత్తగారి వేలి కణుపులు

పద్నాలుగేళ్లుగా జావాస్క్రిప్టు రాసుకునే నాలుగు మెతుకులు తింటున్నాను. అందుకే 2024 మార్చి 11, సోమవారం నాడు మాకు పాప పుట్టగానే అత్తగారు "బారసాల ఇరవై ఒకటో రోజున కదా, ఏ తేదీకి పడుతుందో కాస్త చూడండి బాబూ" అంటే కొంచెం చిన్నతనం అనిపించింది. గోడకు క్యాలెండరుంది, ఆవిడ చేతికి వేళ్లున్నాయి. ఇంత చిన్న పనికి నేనా? పెద్దావిడ మాట కాదనలేక లాప్‌టాప్ తెరిచాను.

సంవత్సరం 2024, నెల 3, తేదీ 11 అని ఇచ్చి, ఇరవై ఒకటి కలిపాను.

"మే 2" అన్నాను ధీమాగా.

"అప్పటికి పాపే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకి కాళ్లకు నీళ్లిస్తుంది" అన్నారు అత్తగారు.

తప్పు నాది కాదన్నాను. ఈ మాట మా ఇంట్లో నేను తరచుగా అనేదే. ఈ భాషలో తేదీలు ఒకటి నుంచే మొదలవుతాయి గానీ నెలలు సున్నా నుంచి. జనవరి సున్నా, మార్చి రెండు. నేను మూడన్నాను గనక అది ఏప్రిల్ అనుకుంది. పుష్యం శూన్యమాసమని మన పెద్దవాళ్లు పెళ్లిళ్లు ఆపి ఊరుకున్నారు. వీళ్లు జనవరి నెత్తిన ఏకంగా సున్నాయే చుట్టేశారు. 1995 మే నెలలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాషకు ప్రాణం పోశాడంటారు. తేదీల వ్యవహారాన్ని జావా నుంచి ఉన్నదున్నట్టు దించుకున్నారు. సున్నా అలవాటు జావాకీ సొంతం కాదు, దాని ముందుతరం సీ భాషలోనే ఉంది. పది రోజులంటే పురిటిస్నానమైనా కాకుండానే బిడ్డను ఊళ్లోకి తిప్పారన్నమాట.

ఇదంతా విని అత్తగారు పాపకు కాటుక దిద్దుతూ "ఊఁ" అన్నారు. పద్నాలుగేళ్లుగా తెలిసిన సంగతి ఆ పూట నేనెందుకు మరిచానో మాత్రం చెప్పలేదు.

నెల సరిచేస్తే ఏప్రిల్ 1 వచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఏప్రిల్ ఒకటిన విందంటే ఎవరు నమ్ముతారు? అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. అత్తగారు నవ్వలేదు. బొటనవేలితో కణుపులు తడుముతూ, "సోమవారం పుట్టింది. ఏడో రోజు ఆదివారం, పద్నాలుగో రోజు ఆదివారం. ఇరవై ఒకటి సోమవారం ఎలా అవుతుంది? 31, ఆదివారం" అన్నారు.

"మీరు పుట్టిన రోజు కూడా కలుపుతున్నారండీ."

"ఆ రోజంతా నా కూతురు నొప్పులు పడింది. కలపక ఎలా వదిలేస్తాను?"

మంచం మీంచి మా ఆవిడ నావైపు చూసింది. ఇరవై ఖాళీలకు ఇరవై ఒక్క గుంజలు కావాలని పందిరి వేసేవాడికి కూడా తెలుసు.

పరువు దక్కించుకుందామని 31లోంచి 11 తీసేయమన్నాను. ఈ భాషకు 1970 జనవరి 1 యుగాది. అక్కణ్నుంచి దాని లెక్కంతా మిల్లీసెకండ్లలోనే, రోజుకు 8,64,00,000 చొప్పున.

"నూట డెబ్బై రెండు కోట్ల ఎనభై లక్షలు" అని చదివాను.

"ఎవరికి బాకీ?" అన్నారు అత్తగారు, కంగారుగా.

భాగిస్తే ఇరవై వచ్చింది. మరో ఒకటి ఎవరూ చూడకుండా చేత్తో కలిపేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. డాలస్‌లో ఉన్న బావమరిది కోసం బారసాలకు ఎన్ని గంటలుందో చూపించే పేజీ కూడా చేశాను. ముహూర్తం పదింటికి. నేను గంట రాయకుండా, మధ్యలో అడ్డగీతలతో 2024-03-31 అని ఊరుకున్నాను. అలా రాస్తే ఈ భాష దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రి అనుకుంటుంది. అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నర, డాలస్‌లో శనివారం సాయంత్రం ఏడు. పేజీలో సున్నా పడగానే పట్టుపంచె కట్టుకుని కూర్చున్న బావమరిది వీడియో కాల్ చేశాడు. రాత్రంతా జాగారం చేసి అప్పుడే నిద్రలోకి జారుకున్న పాప కేర్‌మంది.

"బావా, ఇంకా ఎవరూ లేవలేదేంటి?"

నేను దుప్పటి ముసుగు తన్నాను. అత్తగారు పాపను భుజానేసుకుని వచ్చారు.

"ఇంతకీ ఆఫీసులో మీరు చేసే పనేమిటి బాబూ?"

"ఒక బ్యాంకు వాళ్ల వడ్డీ లెక్కలండీ."

"ఏ బ్యాంకు?"

చెప్పాను. పాపను నా చేతిలో పెట్టి ఆవిడ లోపలికి వెళ్లారు. బీరువా తెరిచిన చప్పుడైంది. పాస్‌బుక్ పట్టుకొచ్చి దీపం కింద కూర్చుని, బొటనవేలితో మొదటి కణుపు నొక్కారు.