రొటేషన్ బావ

అప్పు చేసేవాడు వేరు, అప్పు తిప్పేవాడు వేరు. మొదటివాడికి అవసరం ఉంటే చాలు. రెండోవాడికి జ్ఞాపకశక్తి కావాలి, గుండెధైర్యం కావాలి, ఫోన్లో ఎప్పుడూ చార్జింగ్ ఉండాలి. మా అక్క మొగుడు రెండో రకం. ఇలాంటి బావో బాబాయో ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు కాబట్టి ఆయన అసలు పేరుతో పనిలేదు. మా ఇంట్లో చిన్నపిల్లలతో సహా అందరం రొటేషన్ బావ అనే అంటాం. ఆయనకీ అభ్యంతరం లేదు. "డబ్బు ఒకచోట కూర్చోకూడదురా, తిరుగుతూ ఉండాలి" అంటాడు. తిరుగుతున్నది డబ్బు కాదు బాకీ అని మాలో ఎవరూ ఆయన మొహం మీద అనలేదు.

బావ విజయవాడలో పెళ్లిళ్లకి ఫొటోలూ వీడియోలూ తీస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. అప్పగింతల వేళ పెళ్లికూతురి తండ్రి తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంటాడు చూడండి, ఆ క్షణం బావ కెమెరా ఎన్నడూ తప్పిపోలేదు. తప్పిపోయేవి బిల్లుల గడువులే. మాఘంలో, శ్రావణంలో రోజుకి రెండేసి పెళ్లిళ్లు. డ్రోను ఒక ఊళ్లో ఎగురుతుంటే బావ ఇంకో ఊళ్లో పరుగెడుతుంటాడు. ఆషాఢం వచ్చిందంటే లెన్సులు తుడుచుకుంటూ ఇంట్లో కూర్చోవడమే. భాద్రపదం అంతే, పుష్యం అంతే. ఇవి చాలవన్నట్టు మూఢాలు. 2024లో వైశాఖ జ్యేష్ఠాలు రెండూ మూఢానికే బలైపోయాయి. వేసవి పెళ్లిళ్లు చూసుకుని అంతకు రెండు నెలల ముందే వాయిదాల మీద పెద్ద లెన్సు కొన్న బావ, దాంతో ఆ వేసవంతా డాబా మీది పావురాలను తీశాడు.

వచ్చే డబ్బయినా ఒక్కసారి రాదు. అడ్వాన్సు కొంత, పెళ్లిరోజు కొంత, మిగతాది ఆల్బమ్ చేతికిచ్చాక. ఆల్బమ్ తయారవ్వాలంటే పెళ్లివారు ఫొటోలు ఎంచివ్వాలి. మూడు వేల ఫొటోల్లోంచి రెండు వందలు ఎంచడానికి కొత్త దంపతులకి ఎంతకాలం పడుతుందో దేవుడికే తెలియాలి. కొన్ని పెళ్లి ఆల్బమ్‌ల బాకీని బావ బారసాల ఫొటోల బిల్లుతో కలిపి వసూలు చేసుకున్నాడు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకటో తారీఖున జీతం పడేవాణ్ణి మనసులో పెట్టుకుని తయారుచేసిన సరుకు క్రెడిట్ కార్డు. తారీఖు చూసి అడిగే అప్పునీ, తిథి చూసి వచ్చే ఆదాయాన్నీ ఒక్క ఇంట్లో కాపురం చేయించబోయాడు మా బావ. హాల్లో వేలాడే క్యాలెండరులో ఎర్రసున్నాలు ముహూర్తాలు, నీలంసున్నాలు కార్డుల గడువులు. ఎరుపూ నీలమూ ఒకే గడిలో కలిసిన రోజున ఇంట్లో సేమ్యా పాయసం.

కార్డులు నాలుగు. వాటిని బావ పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుస్తాడు. నాలుగోది ఏటా ఫీజు గుంజుతుంది గనక సవతికొడుకు. "మొత్తం ఎంతుంది బావా నీ దగ్గర?" అంటే తడుముకోకుండా "నాలుగు లక్షల ఎనభై వేలు" అంటాడు. అది నాలుగు కార్డుల లిమిట్ల మొత్తం. బ్యాంకు మనల్ని నమ్మి ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు ఆయన లెక్కలో ఆస్తి కిందికే వస్తుంది.

తిప్పుడు విద్య ఇలా ఉంటుంది. పద్దెనిమిదిన పెద్దోడికి ఎనభై వేలు కట్టాలి, చేతిలో లేదు. గవర్నర్‌పేటలో ఒక సెల్‌ఫోన్ షాపతను నడిపోణ్ణి మిషన్లో గీకి, ఏమీ అమ్మకుండానే బిల్లు కొట్టి, నూటికి రెండున్నర పట్టుకుని నగదు చేతిలో పెడతాడు. బ్యాంకులు ఒప్పుకునే పని కాదది. ఆ నగదుతో పెద్దోడి బాకీ తీరుతుంది. వెంటనే పెద్దోడి లిమిట్ తెరుచుకుంటుంది. వచ్చే నెల నడిపోడి కోసం పెద్దోణ్ణి గీకుతారు. ఎనభై వేలకి రెండు వేలు కమిషన్ పోయిందేమిటి బావా అంటే, "కట్టకపోతే వడ్డీయే మూడు వేలురా, వెయ్యి మిగిల్చాను" అంటాడు. లెక్క తప్పు కాదు. ప్రతినెలా రెండు వేలు పోగొట్టుకుంటూ ప్రతినెలా వెయ్యి మిగుల్చుకున్నానని సంతోషించే ఆ గుండెనే ఏమనాలో తెలియదు.

షాపతను ఊళ్లో లేని నెల మాత్రం మినిమమ్. బిల్లులో నూటికి అయిదు కడితే ఈ నెలకి గండం గడిచినట్టే. "బ్యాంకువాళ్లే అంత చాలన్నాక మనం ఎక్కువ కట్టి వాళ్లని నొప్పించడం దేనికి?" ఎనభై వేల బిల్లుకి మినిమమ్ నాలుగు వేలు. నెలకి 3.75 శాతం చొప్పున వడ్డీ సుమారు మూడు వేలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ అయిదు వందల నలభై. అంటే నాలుగు వేలు కడితే అసలులో తరిగింది నాలుగు వందల అరవై. పైగా మొత్తం కట్టని నెల నుంచి, కొత్తగా కొన్న ఉప్పూపప్పుకి కూడా మామూలుగా యాభై రోజుల దాకా దొరికే వడ్డీలేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇది చెప్పబోతే బావ టీవీ సౌండు పెంచుతాడు.

చట్టం మాత్రం ఆయనకి కంఠతా. గ్యాస్ బుక్ చేశాడో లేదో గుర్తుండని మనిషి, గడువు దాటి మూడు రోజులు గడిచాకగానీ లేటు ఫీజు వేయకూడదన్న నియమం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే ఆయన దృష్టిలో పద్దెనిమిది అంటే ఇరవై ఒకటి. ఏడాదికి ముప్పై శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన తీర్పు మీద చాలాకాలం ఆశపెట్టుకున్నాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిన రోజున రాత్రి భోజనం మానేసి మజ్జిగ తాగి పడుకున్నాడు.

వసూలుకి ఫోన్ చేసేవాళ్లు ఉదయం ఎనిమిదికి ముందూ సాయంత్రం ఏడు తర్వాతా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ఆరూ నలభైకి ఫోన్ మోగితే బావ దిండు కింద పెట్టి, దాని మీద కూర్చుని, మనతో లోకాభిరామాయణం మాట్లాడతాడు. ఏడూ రెండుకి మోగితే బాల్కనీలోకి నడిచి, వీధంతా వినేలా, "టైమెంతయింది? రూల్ తెలుసా మీకు?" అంటాడు. ఒకసారి పొరపాటున అయిదింటికే ఎత్తాడు. అటువైపు ఎవరో అమ్మాయి. "మూఢం నడుస్తోందమ్మా, శుక్రుడు కనపడటంలేదు. ఆయన బయటికి రాగానే కట్టేస్తాను" అన్నాడు. ఆ పిల్ల వినయంగా, "శుక్రుడుగారు మీకు డబ్బు ఇవ్వాలా సర్? వారి నంబరు చెబుతారా?" అంది.

మధ్యలో అద్దె యాప్ రోజులు వచ్చాయి. కార్డుతో ఇంటి అద్దె కట్టొచ్చని తెలియగానే బావ అక్కని ఇంటి ఓనరు చేశాడు. అబద్ధమూ కాదు, అది మా నాన్న అక్కకి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఫ్లాటే. నెలనెలా పాతికవేలు అద్దె చిన్నోడి మీద నుంచి అక్క ఖాతాలో పడటం, యాప్ ఫీజు పోను అదే డబ్బు సాయంత్రానికి నడిపోడికి జమకావడం. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు బిగించాక చాలా యాప్‌లు ఆ దుకాణం కట్టేశాయి. మరుసటి నెల అక్క, "ఏవండీ, అద్దె ఎప్పుడిస్తారు?" అంది. హాస్యానికి అన్నదో కాదో బావకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

అన్ని కార్డులనీ ఇంతగా తిప్పిన మనిషి ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. అమ్మాయి చదువుకని తన పేరు మీదే వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, దాని మీద రెండు లక్షల దాకా వాడుకోగల ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ. "అది ఎమర్జెన్సీకి" అనేవాడు. ఆ ఖాతా సంగతి మాట్లాడేటప్పుడు గొంతు కూడా తగ్గించేవాడు.

ఒక ఆషాఢం సాయంత్రం కళ్లజోడు రిపేరుకిచ్చి, బ్యాంకు మెసేజ్ చదివిపెట్టమని బావ ఫోన్ అక్కకిచ్చాడు. చారిత్రకమైన తప్పిదం. అక్క అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల చీటీ నడుపుతుంది. వడ్డీని శాతాల్లో చెబితే బుర్రకెక్కదు, రూపాయల్లో పైసల్లో చెబితే నిమిషంలో తేల్చేస్తుంది.

"ఈ మూడూ పాయింటు డెబ్భై అయిదు ఏడాదికా?"

"నెలకి."

"అంటే నూటికి మూడు ముప్పావలా వడ్డీ!" అక్క నిలబడిపోయింది. మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీవాడి గడప తొక్కాడంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి ఆలోచించేవారు.

"అలా అనకూడదే. ఫైనాన్స్ చార్జీలు అంటారు."

"మరి ఆ ఓడీకెంత?"

"డిపాజిట్ వడ్డీ మీద ఒక్క శాతం ఎక్కువ. ఏడాదికి ఎనిమిది పడుతుంది."

అక్క ఫ్యాను వైపు చూసి పెదాలు కదిపింది. "ముప్పావలా కూడా పడదు. అంత చవకగా దొరికేది ఇంట్లో దాచిపెట్టి, మూడు ముప్పావలాకి బయట తెస్తున్నారా?"

"అది ఎమర్జెన్సీకి..."

"ఇది కాక ఎమర్జెన్సీ ఇంకెలా ఉంటుందండీ? బాజాలు వాయించుకుంటూ వస్తుందా?"

వారం తిరక్కుండా అక్క అన్నీ తేల్చేసింది. బాకీ మొత్తం మూడు లక్షలు. ఓడీలోంచి రెండు లక్షలు తీసి పెద్దోణ్ణీ నడిపోణ్ణీ తుడిచేసింది. తన గాజులు బ్యాంకులో పెట్టి, సరిగ్గా ముప్పావలా వడ్డీకి లక్ష తెచ్చి మిగతావాళ్ల లెక్క చూసింది. సవతికొడుకుని ఇంట్లోంచి పంపేసింది. అంతకుముందు తిప్పకుండా వదిలేస్తే నెలకి పదకొండు వేల పైచిలుకు వడ్డీ అయ్యే బాకీకి ఇప్పుడు రెండు వేల చిల్లర. నన్నడిగితే ముహూర్తాల మీద బతికేవాడికి కాస్తో కూస్తో సరిపడే అప్పు ఓడీయే. అడ్వాన్సు రాగానే అందులో పడేస్తే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది, ఆషాఢంలో కావలసినంత తీసుకోవచ్చు, వాడుకున్నంతకి వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. కాకపోతే అంకె ముందుండే మైనస్ గుర్తు కనపడే కళ్లుండాలి. బావకి కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు గనక ఆ ఖాతా ఇప్పుడు అక్క ఫోన్లో ఉంది.

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, బావ తప్ప. పద్దెనిమిదో తారీఖు వస్తుంది, ఏమీ జరగదు. గవర్నర్‌పేట వెళ్లే పనిలేదు. ఏడింటికి ఫోన్ పట్టుకుని బాల్కనీలో నిలబడితే ఎవరూ చేయరు. రిటైరైన స్టేషన్ మాస్టరులా వీధిలో పోయే బళ్లన్నీ లెక్కపెట్టుకుంటూ నిలబడేవాడట. రెండు నెలలు అలా గడిచాక కింది ఫ్లోరు లెక్చరరుగారికి మూడు కార్డులున్నాయనీ, ఆయన వాటికి మినిమమ్ కట్టుకుంటూ పోతున్నాడనీ లిఫ్టులో తెలిసింది. మనిషికి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు అక్కడే. క్యాలెండరు, నీలం పెన్ను కూడా కిందికే దిగాయి.

మొన్న నాకూ ఫోన్ చేశాడు. "ఏరా, నీకు స్టేట్‌మెంట్ ఏ తారీఖున వస్తుంది?"

"నాకున్నది ఒక్క కార్డే బావా. బిల్లు రాగానే మొత్తం కట్టేస్తాను."

అటువైపు కాసేపు మాటలేదు.

"ఒక్క కార్డుతో ఎలా బతుకుతున్నావురా? రేపు ఆధారూ పానూ పట్టుకుని ఇంటికి రా. మీ అక్క చీటీపాటకి వెళ్లాక రా."