ఓడల మాస్టారు

మార్కాపురంలో ఇంటి గుర్తు చెప్పమంటే పలకల ఫ్యాక్టరీనో, చెన్నకేశవస్వామి గుడినో చెబుతారు. ఈయన ఇంటికి మాత్రం ఆ అవసరం లేదు. ఆటో ఎక్కి ‘ఓడల మాస్టారి ఇల్లు’ అంటే చాలు. డ్రైవరు వెనక్కి తిరిగి మనల్నోసారి జాలిగా చూసి, ‘మీరు గూడా కడతారా సార్?’ అని అడిగి మరీ గేటు ముందు దించుతాడు.

మాస్టారు సర్వీసంతా సోషల్ చెప్పారు. 1498లో వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగిన పాఠం ఏటేటా ఎంత గొప్పగా చెప్పేవారంటే, ఆ రోజు సామాన్లు దించడానికి ఈయన కూడా వెళ్ళారని పిల్లలు నమ్మేవారు. నిజానికి సముద్రంతో ఈయనకున్న చుట్టరికం గెజిటు కలిపినదే. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పెట్టి వీటిని అందులో కలిపారు. ఆ ఒక్క ఉత్తర్వుతో నల్లమల అంచు జనానికి కొత్తపట్నం సముద్రం సొంతమైంది. సముద్రం వచ్చింది గానీ మంచినీళ్ళు రాలేదు. అవి ఇప్పటికీ ట్యాంకరెక్కి వస్తాయి.

రిటైరైన మాస్టార్లలో కొందరు ప్లాట్ల వ్యాపారంలో దిగుతారు. కొందరు చీటీలు కడతారు, కొందరు గుడి కమిటీలో చేరి దానికే ఆడిటరవుతారు. మన మాస్టారు ఓడలు కట్టడానికి కూచున్నారు. సెలవులకు వస్తున్న అమెరికా కొడుకు ‘నీకేం తెమ్మంటావు నాన్నా?’ అని ఫోన్లో అడిగితే ‘హెచ్‌.ఎం.ఎస్‌. విక్టరీ’ అన్నారట. కొడుకు గొంతు తగ్గించి, ‘అమ్మకు తెలుసా? ఫుల్లా, హాఫా?’ అన్నాడట.

ఈ నమూనా ఓడల కళలో చెయ్యి తిరిగినవాళ్ళంతా కొత్తవాళ్ళకు ఒకటే చెబుతారు: మొదట ఒంటి తెరచాపకొయ్య పడవ కట్టు, తర్వాత పెద్దదాని జోలికి పో. ఆ మాట విన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. మాస్టారు మొదలుపెట్టడమే విక్టరీ అనే ఆ మూడు కొయ్యల యుద్ధనౌకతో మొదలుపెట్టారు. 1765లో నీళ్ళలోకి దిగిన ఓడ అది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్ దానిమీదే ప్రాణం విడిచాడు. అసలు ఓడకు ఆరు వేల చెట్లు కొట్టారంటారు. 1:72 స్కేలులో కట్టినా నాలుగున్నర అడుగులుంటుంది. ఇంత పొడుగుదాన్ని ఎక్కడ పెడతారన్న ప్రశ్న అమ్మగారు తొలిరోజే వేశారు. ఓడ పూర్తి కావచ్చినా జవాబు రాలేదు.

కొడుకు తెచ్చిన కిట్టు పెట్టె విప్పిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. తీరా చూస్తే లోపల ఓడ లేదు. ప్లైవుడ్ ముక్కలు, కట్టలకొద్దీ సన్నని చెక్క పట్టీలు, ఓ సంచి ఇత్తడి ఫిరంగులు, దారపు ఉండలు, పరిస్తే మంచం నిండే నక్షాలు.

‘ఏందండీ, అంత దూరం నించి ఇమానంలో కట్టెపుల్లలు తెప్పిచ్చుకున్నారా? నల్లమల పక్కనే ఉండె గదా!’ అన్నారు అమ్మగారు.

‘అవి వాల్‌నట్‌వే’ అన్నారు మాస్టారు.

‘పొయ్యిలో పెడితే అన్నీ ఒకటే.’

ఓడకు 104 ఫిరంగులుండేవని మాస్టారు అప్పటికే వీధంతా చాటారు. అమ్మగారు సంచి లెక్కపెడితే అన్ని లేవు. కింది అంతస్తుల్లో ఫిరంగి మొత్తం కనపడదు గనక కిట్టులో వాటికి మూతులే ఇస్తారని ఆయన వివరించారు. ‘ఫిరంగులు సగం మూతులే అయితే, డబ్బులు గూడా సగమే తీసుకున్నారా?’ అన్న ప్రశ్నకు నౌకాశాస్త్రంలో సమాధానం లేదు.

అసలు కథ పట్టీలు వేయడం దగ్గర మొదలవుతుంది. వెన్నుదూలానికి అడ్డంగా చెక్క అరలు నిలబెట్టి, వాటిమీద పట్టీ పక్కన పట్టీ అతికించుకుంటూ రావాలి. ఓడ పొట్ట వంపుకు పట్టీ వంగాలంటే ముందు నీళ్ళలో నానాలి, తర్వాత వేడి తగలాలి. ఇంగ్లండులో కూర్చుని రాసిన పుస్తకానికి ఇది ఒక్క వాక్యం. మార్కాపురంలో ఇది ఒక కాపురం సమస్య. బోరు నీళ్ళలో నానబెడితే ఆరాక చెక్కమీద తెల్లటి చారలు తేలాయి. మన నీళ్ళు పళ్ళనే వదలనప్పుడు చెక్కనెందుకు వదులుతాయి? దాంతో మాస్టారు చూపు ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను మీద పడింది.

‘తాగేదానికి కొనే నీళ్ళల్లో కట్టెలు నానేస్తారా?’ అంటూ అమ్మగారు క్యానుకు అడ్డంగా కూర్చున్నారు. వీధి పెద్దలు కలగజేసుకుంటే సంధి కుదిరింది. రోజుకు రెండు గ్లాసులు. నానబెట్టాక ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయాలి. చెట్టు ఏపుగా పెరిగింది. ఆ ఇంటి పప్పులో కొంచెం వాల్‌నట్ వాసన ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు.

వేడి తగిలించడానికి ఇస్త్రీపెట్టె పనికొచ్చింది. ఆ నెలలో మాస్టారు తొడిగిన చొక్కాలన్నిటికీ వీపున గోధుమరంగు గీత పడింది. అతికించిన పట్టీ ఆరేదాకా పట్టి ఉంచడానికి దండెం మీది బట్టల క్లిప్పులు వచ్చి చేరాయి. ఒక సాయంత్రం గాలికి అమ్మగారి వెంకటగిరి చీర దండెం వదిలి ఎగిరి పక్కింటి డాబా మీద వాలింది. ఆ వీధిలో తెరచాప విప్పింది ఇంతవరకు అదొక్కటే.

మాస్టారి క్రమశిక్షణను మాత్రం మెచ్చుకోవాలి. పట్టీలు ఒకవైపే వేసుకుంటూ పోతే వెన్నుదూలం అటే వంకరపోతుంది. కుడికొకటి వేస్తే ఎడమకొకటి వెయ్యాలి. ఈ లెక్కంతా ఆయన పలకమీద రాస్తారు. దేశంలోని బడిపిల్లలకు పలకలందించిన ఊరి మనిషి ఇంకెక్కడ రాస్తాడు? ‘కుడి 11 అయింది. ఎడమ 11 ఫెవికాల్ ఆరాలి. ఎడమ 12 దొరకలేదు, అమ్మగారిని అడగాలి.’ ఆ పన్నెండో పట్టీ ఆవకాయ జాడీలో దొరికింది. కలపడానికి బాగుందట.

మే నెల వచ్చేసరికి ఎండకు పట్టీలు కుంచించుకుపోయి మధ్యలో సందులు తేలాయి. మాస్టారు రంపంపొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చారు. జూన్‌లో నాలుగు చినుకులు పడేసరికి చెక్క ఉబ్బి పూడ్చినదంతా బయటికొచ్చింది. ఆ ఏడు మార్కాపురంలో వర్షాన్ని తిట్టినవాడు ఆయనొక్కడే. జనం అది మాత్రం క్షమించలేకపోయారు.

పొట్ట పూర్తయితే దారాల పని. దారం నూగు రేగకుండా నల్లమల నుంచి వచ్చిన తేనెమైనం పూస్తారు. నావికులు కొయ్యలెక్కే తాళ్ళ నిచ్చెనలకు మెట్టు మెట్టుకూ వరసగా ముళ్ళు వెయ్యాలి. ఒకటి బిగుసుకుంటే పక్కది వదులవుతుంది. ఊపిరి కూడా అటు తిప్పి వదలాలి. అందుకని మాస్టారి గదిలో ఫ్యాను తిరగదు. కరెంటు పోయినప్పుడు వీధంతా ఉస్సురంటుంది గానీ, ఆయనకు మాత్రం ఆ సంగతి మర్నాడు తెలుస్తుంది. కప్పీలు కందిపప్పు బద్దంత ఉంటాయి. ఒకటి కింద పడితే ఇల్లంతా నేలమీద పాకుతుంది. అది దొరికితే చెన్నకేశవస్వామికి కొబ్బరికాయ. ఆ వీధి చివరి కొబ్బరికాయల కొట్టు బాగుపడింది ఈ ఓడతోనే.

ఇలాంటి మనిషి ఒక్కడే ఉంటే ఊరు పిచ్చి అని సరిపెట్టుకునేది. ఇద్దరున్నారు గనక ఇది శాస్త్రమైంది. రెండో ఆయన గిద్దలూరులో ఉంటాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. కట్టేది 1869 నాటి కట్టీ సార్క్. చైనా నుంచి లండనుకు టీ మోసిన ఓడ. ఈ సంగతి ఆయన టీకొట్టులో గంటసేపు వర్ణిస్తే, కొట్టతను అంతా విని, ‘ఆ ఓడకు ఖాతా ఉండేదా సారూ? మీది రెండు నెల్లది ఉండాది’ అన్నాడు. ఇద్దరూ రైలెక్కి ఒకరి ఓడ ఒకరు చూసుకుంటారు, పొగుడుకుంటారు, ఇంటికొచ్చి ఫోనులో తిట్టుకుంటారు. పట్టీలకు మేకులు కొట్టాలా, జిగురొక్కటే చాలునా అన్నదానిమీద ఒక సంక్రాంతికి మాటలు మానేశారు.

గొడవ మళ్ళీ రంగు దగ్గర రాజుకుంది. మాస్టారు కిట్టు కాగితాల్లో ఉన్నట్టే నల్లచారల మధ్య ముదురు పసుపు వేసి మురిసిపోతుంటే గిద్దలూరు నుంచి ఫోను. ‘మాస్టారూ, పోర్ట్స్‌మత్‌లో అసలు ఓడకు 2015లో రంగు మార్చిండారంట. పాత పొరలు పరీక్షిస్తే నెల్సన్ నాడు ఉన్నది పసుపు గాదు, గులాబి ఛాయ కొట్టే లేత రంగని తేలిందంట. చూసుకున్నారా?’ ఆ గొంతులోని ఆనందం ట్రఫాల్గర్ గెలిచినవాళ్ళకు కూడా కలిగి ఉండదు. మాస్టారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు అమ్మగారు, ‘పసుపు శుభమండీ, ఉండనియ్యండి’ అన్నారు. పసుపు ఉండిపోయింది.

మాస్టారితో మాట్లాడేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలి. ఆయనకు ప్రతి సంగతీ రేవులోనే తేలుతుంది. అదనపు దారం పార్సెల్ మీద సుంకం కట్టాల్సి వస్తే, వాకిట్లో నిలబెట్టి పోస్ట్‌మ్యాన్‌కు మోటుపల్లి శాసనం చెప్పారు. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, కాకతి గణపతిదేవుడు 1244-45లో అది మాన్పించి, న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోనని వర్తకులకు అభయమిచ్చాడనీ వివరించారు. పోస్ట్‌మ్యాన్ ఓపిగ్గా విని, ‘ఆయన సంతకం చెల్లదు సార్, మీరే పెట్టండి’ అన్నాడు. ఇప్పుడు మాస్టారి కన్ను యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద ఉంది. దానిమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. కిట్టు దొరకలేదు గనక ఆ నాణెం ఫొటోనే నక్షాగా పెట్టుకుని కొలతలు తీస్తున్నారు. పలకల ఫ్యాక్టరీలో ఫ్రేములు చేసే వడ్రంగి చెక్క ఇస్తానన్నాడు. అమ్మగారు ఇంకో క్యాను ఇస్తానని మాత్రం అనలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళ ప్రశ్న ఒకటే: ‘నీళ్ళల్లో తేలుద్దా సార్?’ తేలదు, ఇది చూడటానికి కట్టినది. ‘అయినా కంభం చెరువులో ఓసారి వదిలి చూడరాదా?’ అని ఉత్సాహపరిచేవాళ్ళుంటారు. అప్పుడు మాస్టారు స్వీడన్ వాళ్ళ వాసా కథ ఎత్తుకుంటారు. 1628 ఆగస్టులో స్టాక్‌హోం రేవు నుంచి తొలిసారి బయల్దేరి ఒకటిన్నర కిలోమీటరు కూడా పోకుండా మునిగిపోయిన యుద్ధనౌక అది. 1961లో పైకి తీశారు. రాజుగారి ఓడకే ఆ గతి పట్టింది. మార్కాపురం ఓడకు ఆ భయం లేదు. ముంచాలన్నా నీళ్ళుండాలి.

ఊళ్ళో నవ్వేవాళ్ళు నవ్వనీ. 1996లో వెలిగొండ నీటి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు పలక పట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు రెండు తవ్వుతుంటే ఎదురుచూసిన జనానికి ఓపిక ఒకరు నేర్పాలా? ఆ లెక్కన చూస్తే మాస్టారి ఓడ బుల్లెట్టు బండి. రోజుకో పట్టీ కచ్చితంగా ముందుకు కదులుతుంది. కుడికి ఎంత పనైందో ఎడమకూ అంతే అవుతుంది. లెక్క పలకమీద ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఇంత పద్ధతిగా సాగే పని నల్లమల అంచున ఇంకోటి ఉంటే చూపించండి.

మీరూ చూడటానికి వెళ్తే ఫ్యాను స్విచ్చి జోలికి పోకండి. ఎంతైందని అమ్మగారి ఎదుట అడక్కండి. వట్టి చేతులతో అసలే వెళ్ళకండి. పళ్ళూ స్వీట్లూ అక్కర్లేదు. ఓ క్యాను నీళ్ళు, ఓ డజను బట్టల క్లిప్పులు పట్టుకెళ్ళండి. మాస్టారికి కాదు, అమ్మగారి చేతికివ్వండి.