బోర్డు పెడితే ఎట్లా నైనా?

మా పెదనాన్న కొడుకు అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. మొన్న తమిళనాడులో వేలూరు దగ్గరి మా ఊరు లత్తేరికి వచ్చినప్పుడు టీకొట్టు బల్ల మీద కూర్చుని అక్కడి వింతలు చెప్పాడు. చాలా రాష్ట్రాల్లో ఓటరుగా పేరు రాయించుకునేటప్పుడే తాను ఏ పార్టీ వాడో కూడా రాసివ్వొచ్చట. ఎన్నికలొస్తే ఇంటి ముందు పచ్చికలో తమ అభ్యర్థి పేరున్న బోర్డు పాతుకుంటారట. న్యూ హాంప్‌షైర్‌లో డిక్స్‌విల్ నాచ్ అనే చోటైతే అర్ధరాత్రే ఓట్లేసి అప్పుడే లెక్కపెట్టేస్తారు. 2024లో అక్కడ మొత్తం ఆరు ఓట్లు: ట్రంప్‌కి మూడు, హారిస్‌కి మూడు.

టీ అన్న గ్లాసులు కడగడం ఆపేశాడు. "ఇంటి ముందర బోర్డు పెట్టుకుంటే రెండో పార్టీ వాళ్ళు ఆ ఇంటికి ఎట్లా వస్తారు నైనా?"

మావాడికి ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. రహస్య ఓటింగు విలువ మాకు తెలిసినంతగా రాజ్యాంగం రాసినవాళ్ళకు కూడా తెలిసుండదు. సూర్యుడి గుర్తు డీఎంకే వాళ్ళొచ్చినా, రెండాకుల అన్నాడీఎంకే వాళ్ళొచ్చినా మా వీధిలో ఒకటే మాట: "మీకు కాక ఇంకెవరికి వేస్తాం?" తెలుగు వీధి కాబట్టి వచ్చినవాళ్ళు కూడా "అవ్వా, బాగుండావా?" అని తెలుగులో పలకరిస్తారు. ఆ తెలుగు ఓట్ల లెక్కింపు దాకా ఉంటుంది.

అసలు మేం ఎటు మొగ్గుతామో చెప్పడం కూడా కష్టమే. మాది కె.వి.కుప్పం నియోజకవర్గం. 2011లో గెలిచినాయన రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా మనిషి, 2021లో గెలిచిన జగన్‌మూర్తి పురట్చి భారతం నాయకుడు. ఇద్దరూ నిలబడింది రెండాకుల గుర్తు మీదే. మా అవ్వ రెండుసార్లూ ఆకుకే వేసింది, కింద ఏ కాయ కాసిందో ఆమెకు ఈనాటికీ తెలీదు. వేలూరు పార్లమెంటుకొస్తే ఏ.సి.షణ్ముగం కథ ఇంకా బాగుంటుంది. 1984లో అన్నాడీఎంకే తరఫున గెలిచాడు. తర్వాత సొంతంగా పుదియ నీతి కట్చి పెట్టుకున్నాడు. అయినా 2014లో కమలం, 2019లో రెండాకులు, 2024లో మళ్ళీ కమలం. ప్రతిసారీ ఆయన్ని గుర్తుపట్టడం మా వంతు, గుర్తు పట్టుకోవడం ఆయన వంతు.

2019 సంగతి చెప్పకపోతే మా ఊరి పరువు నిలవదు. కాట్పాడిలో ఒక సిమెంటు గోడౌన్లో కోట్ల రూపాయలు దొరికాయి. ఏప్రిల్ 18న పోలింగు, 16న రాష్ట్రపతి ఉత్తర్వుతో వేలూరు ఎన్నిక రద్దు. డబ్బు కారణంగా లోక్‌సభ ఎన్నిక రద్దవడం దేశంలో అదే మొదటిసారి. డబ్బెవరిదనేది కోర్టులు చూసుకుంటాయి. నన్ను తొలిచేది భూగోళం. కాట్పాడి వేలూరు లోక్‌సభలో లేదు, అరక్కోణంలో ఉంది. అక్కడ పోలింగు అనుకున్న రోజే జరిగింది. వేలూరు లోక్‌సభలోనే ఉన్న గుడియాత్తంలో అదే రోజు అసెంబ్లీ ఉప ఎన్నిక కూడా ఆగలేదు. అంటే గుడియాత్తం ఓటరు ఆ రోజు ఎమ్మెల్యేని ఎన్నుకునేంత పవిత్రుడు, ఎంపీని ఎన్నుకోవడానికి మాత్రం పనికిరాడు. ఆగస్టు 5 దాకా ఆగి వేశాం. డీఎంకే నాయకుడు దురైమురుగన్ కొడుకు కదిర్ ఆనంద్ 8,141 ఓట్లతో గట్టెక్కాడు. 2021లో కాట్పాడిలో తండ్రి మెజారిటీ 746. ఇంత సన్నటి దారం మీద నడిచే నాయకులకు మా ఇంటి ముందు బోర్డు చూపించి గుండె ఆగేలా చేయడం ఏం మర్యాద?

గుడియాత్తానికి ఇలాంటివి కొత్తేం కాదులెండి. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రయ్యాక శాసనసభకు వచ్చింది అక్కణ్ణించే. ఆయన సొంతూరు విరుదునగర్ ఎక్కడ, గుడియాత్తం ఎక్కడ! కాంగ్రెస్‌ని తిట్టిపోసే డీఎంకే కూడా అప్పుడు ఆయనకే మద్దతిచ్చింది, ఎదురు నిలిచింది కమ్యూనిస్టు. ఏ పార్టీ వాళ్ళు ఎటు మొగ్గుతారో అమెరికా సర్వేల వాళ్ళని పిలిపించినా ఆ రోజు తేల్చలేకపోయేవాళ్ళు.

మావాడు టీ తాగి లేచాడు. కాట్పాడి వైపు పోయే రైలు కూత వినబడింది. టీ అన్న మాత్రం ఇంకా ఆ ఆరు ఓట్ల దగ్గరే ఉన్నాడు. చిల్లర చేతిలో పెడుతూ మెల్లగా అడిగాడు: "మూడుకి మూడంటివే, ఆ ఏడో ఓటు ఉండుంటే ఎంత పలికుండును నైనా?"