నలభై రెట్ల మనిషి

న్యూయార్క్‌లో మనిషి విలువ కట్టడం తేలిక. నెల అద్దెను 40తో హెచ్చవేయండి. ఏడాది జీతం అంతైనా ఉంటేనే ఓనరు తాళం చేతికిస్తాడు. 3,000 డాలర్ల ఇంటికి 1,20,000 అన్నమాట. లేదంటే 80 రెట్లు సంపాదించే హామీదారుణ్ణి తెచ్చుకోవాలి. అంత సంపాదించే చుట్టం ఉంటే వాళ్లింట్లోనే ఓ మూల పడుకుంటాం కదా అన్నది ఎవరికీ తట్టదు.

తెనాలిలో నాన్నకు చెప్తే, "నేను పెడతాలేరా సంతకం" అన్నారు. ఏడాదికి 2,40,000 ఉండాలి నాన్నా అన్నాను. "హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, నా పెన్షనే అంతకంటే ఎక్కువ!" డాలర్లని చెప్పాక ఫోను అమ్మకిచ్చేశారు.

అమ్మది వేరే బెంగ. "ఇంకా ఎన్నాళ్లురా ఈ అద్దె కొంపలు?" ఆవిడ దృష్టిలో అద్దెకుండటమంటే రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చోవడం. ఇక్కడ మూడింట రెండు వంతుల కుటుంబాలు ఆ ప్లాట్‌ఫాం మీదే కాపురాలు చేస్తున్నాయి. 2023 సర్వేలో అద్దె ఇళ్లలో ఖాళీగా ఉన్నవి 1.41 శాతమే. దొరికిన చోటు ఎవరు వదులుతారు?

ఇంతమంది ఓటర్లు అద్దెకుంటే చట్టానికీ జాలి పుడుతుంది. సుమారు పది లక్షల ఇళ్ల అద్దె ఎంత పెరగాలో తేల్చేది ఓనర్లు కాదు, మేయరు నియమించే 9 మంది బోర్డు. అడ్వాన్సు ఒక్క నెల అద్దెకు మించకూడదని 2019 చట్టం. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టొచ్చిన నాకు అది పురాణంలో వరంలా వినిపించింది. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి మనం కమీషన్ ఇచ్చే వింత ఆచారం కూడా 2025 జూన్‌లో పోయింది.

అక్టోబరు 1 నుంచి మే 31 దాకా ఇల్లు వెచ్చగా ఉంచే పూచీ ఓనరుదే. పగటిపూట బయట 55 ఫారన్‌హీట్ డిగ్రీల కంటే కిందికి పడిపోతే లోపల కనీసం 68 ఉండాలి. పాత భవనాల ఆవిరి రేడియేటర్లకు "కనీసం" అన్న మాట తెలియదు. జనవరి మంచులో కిటికీ తెరిచి, బనీను మీద ఆవకాయన్నం తినే సుఖం సొంతింటివాడికి లేదు. బిల్లు గుర్తొచ్చి మూసేస్తాడు.

2025 నవంబరులో మేయరుగా గెలిచిన జోహ్రాన్ మమ్దానీ కూడా అప్పటికి ఆస్టోరియాలో అద్దెకే ఉంటున్నారు. నియంత్రణలో ఉన్న అద్దెలు పెరగనివ్వనన్నది ఆయన ప్రధాన హామీ. మేయరుకి గ్రేసీ మాన్షన్ అనే అధికార నివాసం ఉంటుందని అమ్మకు చెప్పాను.

"అయితే నువ్వూ నిలబడరా, అద్దె ఉండదుగా!"

మన్‌హాటన్‌లో ఇళ్ల ధరలు చూశాను. ఎన్నికల ఖర్చే నయం.