వాసన చూడని కెమిస్ట్రీ

నాకు చదువు వచ్చినంత తొందరగా బుద్ధి రాలేదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కొలువు తెచ్చుకున్నాను. మధ్యలో అమెరికా పిచ్చి ఒకటి పట్టింది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో శాస్త్రవేత్తల కోసం కమిషనర్స్ ఫెలోషిప్ పెట్టింది. రెండేళ్లపాటు పెద్ద శాస్త్రవేత్త దగ్గర పరిశోధన, దాంతోపాటే చట్టం పాఠాలు. సర్టిఫికెట్లన్నీ జమ చేసుకున్నాక అర్హతలు చదివాను. డాక్టరేట్ ఉండాలట. పైగా అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయి ఉండాలట. నా దగ్గరున్నది ఆధార్ కార్డు.

అయినా ఫ్రాన్సిస్ కెల్సీ ఫొటో మాత్రం గోడ మీద ఉంచుకున్నాను. 1960లో ఎఫ్‌డీఏలో చేరీ చేరగానే చేతికొచ్చిన థాలిడోమైడ్ ఫైలును ఆపిన మనిషి. వేరే దేశాల్లో ఆ మందు వాడిన తల్లులకు కాళ్లూ చేతులూ సరిగా లేని పిల్లలు వేల సంఖ్యలో పుట్టారు. నేనూ అలాంటివాణ్నే అనుకునేవాణ్ని, ఇంకా ఏ ఫైలూ చేతికి రాకముందే.

కొలువులో మాకూ శిక్షణ ఇచ్చారు. ల్యాబు పాఠమైతే ముందు బెంచీ, చట్టం పాఠమైతే వెనక బెంచీ. 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు, వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపాలి. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఇదంతా గుమాస్తా పనిలే అనుకున్నాను.

కోరుట్లలో ఒక కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్లు తీసుకుని కదలబోతే గల్లా దగ్గరి అవ్వ "పైసలేవి?" అంది. "గవర్నమెంటు అవ్వా" అన్నాను.

"అయితే? పోయినసారి అచ్చిన సారు ఇచ్చిండు గద బిడ్డా!"

పోయినసారి వచ్చిన సారు 38వ సెక్షన్ చదివినవాడు. నమూనాకు అమ్మకపు ధర చెల్లించాలని అందులో ఉంది.

అక్కడే బుద్ధి తెచ్చుకోవాల్సింది. ఆ ఎండాకాలం జగిత్యాలలో మామిడి సీజను. ఢిల్లీ లారీలు వరసకట్టి ఉన్నాయి. ఒక షెడ్డులో కాయల పెట్టెల నడుమ తెల్ల పొడి పొట్లాలు కనిపించాయి. "కార్బైడ్!" అని అరిచాను. ఫోన్లు లేచాయి. ఒక విలేకరి అడిగితే పేరు, హోదా చెప్పి మరీ మాట్లాడాను. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడల గురించి, ఎసిటిలీన్ గురించి చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. అంతా సరైన కెమిస్ట్రీయే. అక్కడ లేని పదార్థం గురించి, అంతే.

హమాలీ ఒకాయన పెట్టె దించి, "సారూ, కార్బైడు రాయి లెక్కుంటది, ఎల్లిగడ్డ వాసనొస్తది. గిది వాసన చూసిన్రా?" అన్నాడు. చూడలేదు. అవి ఎథిలీన్ వాయువును వదిలే పొట్లాలు. కాయలు మాగబెట్టడానికి కార్బైడు వాడటం నిషేధం గాని, ఎథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది. కాయకు తగలకుండా పెడితే ఆ పొట్లాల్లోనూ తప్పు లేదు. తగలకుండానే పెట్టారు.

ఆ రాత్రి కెల్సీ కథ మళ్లీ చదివాను, ఈసారి వెనక బెంచీ బుద్ధి వదిలేసి. 1938 నాటి వాళ్ల చట్టంలో, దరఖాస్తుపై 60 రోజుల్లో ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పకపోతే మందు బజారుకెక్కేది. ఆమె గడువు దాటకముందే ఆధారాలు చాలవని కంపెనీకి ఉత్తరం రాసేది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఉత్తరం. 1962 మార్చిలో కంపెనీయే వెనక్కి తీసుకుంది. సైన్సు ఆమెకు అనుమానం ఇచ్చింది, ఆపే అధికారం ఆ గడువు ఇచ్చింది. నేను గుమాస్తా పని అని చిన్నచూపు చూసింది సరిగ్గా దాన్నే. నమూనా తీసి, సీలు వేసి, రిపోర్టు వచ్చేదాకా నోరు మూసుకుని ఉంటే ఆ షెడ్డు యజమానికి ఏ నష్టమూ జరిగేది కాదు.

జరిగింది. ఆయన దగ్గర కొనాల్సిన ఢిల్లీ వ్యాపారి ఆ పూటే వేరే షెడ్డుకు వెళ్లిపోయాడు. వార్తకు సవరణ వేయించమని ఆయన నన్ను అడగలేదు, నా అంతట నేనూ వేయించలేదు. ఆ వీడియో ఇప్పటికీ ఏటా మామిడి సీజన్లో వాట్సాప్‌లో తిరుగుతుంది, కింద నా పేరు, హోదాతో సహా.