కిటికీకి స్పాంజి అంటించు విధానం

మృగశిర కార్తె దాటి, కిటికీ కింద పరుపు రెండుసార్లు తడిశాకే పని మొదలుపెట్టాలి. మే నెలలో చెక్క పొడిగా ఉన్నప్పుడే అంటించేసేవాళ్లకు ఓపిక తక్కువ.

మా పద్మారావు నగర్ నుంచి రాణిగంజ్ ఏమంత దూరం కాదు గానీ, వెళ్లకండి. అక్కడి రబ్బరు షాపువాళ్లు సవాలక్ష అడుగుతారు. ఎండా వానా తగిలే చోటైతే ఈపీడీఎం, ఆయిల్ తగిలే మెషిన్ గ్యాస్కెట్‌కైతే నైట్రైల్ అంటారు. మనకెందుకీ చదువు? సోఫాలు కుట్టేచోట పసుపుపచ్చ స్పాంజి ముక్కలు ఊరికే దొరుకుతాయి. షాపు ఫోమూ ఇదీ రెండూ మెత్తగానే ఉంటాయి కదా! షాపులో నల్ల ఫోమ్‌కైతే ప్రతి బుడగ చుట్టూ గోడ ఉంటుందట, పక్క బుడగలోకి నీళ్లు పోవట. సోఫా స్పాంజిలో అన్ని గదులకూ తలుపులు బార్లా. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి వచ్చేస్తుంది. కాబట్టి ఊది చూడకండి.

సందు కొలవొద్దు. 4 మిల్లీమీటర్ల సందుకు 6 మిల్లీమీటర్ల ఫోమ్ వేసి, మూడోవంతు అణిగితే చాలనుకోవడం పిసినారితనం. 12 వేయండి. గొళ్లెం పడకపోతే భుజంతో తోయండి. స్క్రూలు ఊడి రెక్క చేతికొచ్చేదాకా తోయవచ్చు.

కిటికీ తుడవడం దండగ. గమ్ దుమ్మును గట్టిగానే పట్టుకుంటుంది, దుమ్ము కిటికీని పట్టుకోవాలని ఎక్కడా లేదు. అంటించేటప్పుడు బాగా సాగదీయండి, జానెడు ముక్క మిగులుతుంది. నేనూ మిగిల్చాను. వారం తిరక్కుండా స్పాంజి ముడుచుకుని, మూలలో చిటికెన వేలు దూరేంత సందు వదిలింది. స్కందగిరి గుడి వైపు నుంచి కొట్టే జల్లుకు సరిగ్గా ఆ మూలే ఎలా తెలిసిందో!

అల్యూమినియం కిటికీలైతే ఇంకా సులువు. కింది పట్టాలో వాననీళ్లు బయటికి పోవడానికి చిన్న కంతలుంటాయి. బొద్దింకలొస్తాయని వాటినీ కూరేయండి. పట్టా నిండాక నీళ్లే హాల్లోకి దారి చూసుకుంటాయి.

ఇదొక్కటి మాత్రం వెటకారం కాదు: గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో గాలి కంతను స్పాంజితోనే కాదు, దేనితోనూ మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కార్తీకంలో మా కిటికీది ఊడదీశాను. మూరెడు ముక్కను పిండితే అర గ్లాసు నల్లటి నీళ్లు. తులసి కుండీలో పోయబోతే మా ఆవిడ గ్లాసు లాక్కుంది.