పథ్యసంకటము: టీకా తాత్పర్య సహితము

ఆ. నూనె మానుమనుచు నొకగురు వానతి
నూనె తాగుమనుచు నొకరి బోధ
కొర్రలే శరణము కొలువండి యను నొండు
కూరకేమి దిక్కు కోమలాంగి

టీక: కోమలాంగి = సుకుమారమైన దేహము గల ఓ ఇల్లాలా!; నూనె మానుమనుచు = ఉప్పు, నూనె లేకయే వండుకొమ్మని; ఒక గురు వానతి = మంతెన సత్యనారాయణరాజుగారి ఆజ్ఞ; నూనె తాగుమనుచు = రోజుకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు పుచ్చుకొమ్మని; ఒకరి బోధ = వీరమాచనేని రామకృష్ణగారి ఉపదేశము; ఒండు = మరియొక మతము, అనగా ఖాదర్ వలీగారిది; కొర్రలు = ఉపలక్షణము, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలును గ్రహింపవలెను. తక్కినది స్పష్టము.

తాత్పర్యము: ఒకే ఇంట మామగారు నూనె మాని, మగడు కొబ్బరినూనె తాగి, ఆడపడుచు రాత్రియే అరికలు నానబోసిన యెడల పొయ్యిమీద మూడు గిన్నెలు ఎక్కును. వండినామె నిన్నటి ఉప్మా తినును.

విశేషములు: రెండవ పాదము నవ్వులాట కాదు. పిండిపదార్థమును బాగుగా తగ్గించినచో కాలేయము కొవ్వునుండి కీటోనులను తయారుచేయును. దేహము వానితో నడచును. ఈ పథ్యమును 1921లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు వైల్డర్ మూర్ఛరోగులకై ప్రతిపాదించెను. బెజవాడ చేరుసరికి అది బరువుకు, షుగరుకు మందయ్యెను. షుగరు మాత్రలు మింగువారు డాక్టరు నడుగక దీనిని పట్టినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఈ ఒక్క వాక్యము హాస్యరసము కాదు.

ఇక నాలుగవ పాదము. కవిహృదయ మిందే యున్నది. శిష్యగణములు కొట్టుకొనునది నూనె దగ్గర, గింజల దగ్గర. పంచదార, మైదా వలదనుటలో గురువు లందరిదీ ఒకే మాట గనుక ఆ మాటను ఎవరును ఎత్తరు; సాయంత్రము బిస్కట్ల డబ్బా మూత మాత్రము తెరచుకొనుచునే యుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నిర్దేశములలో 2000 కేలరీల భోజనమునకు సిరిధాన్యములతో కూడ ధాన్యము 250 గ్రాములు, నూనె నెయ్యి వగైరా 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు చెప్పినది. ధాన్యముకన్న కూర ఎక్కువ! మన పళ్లెములో కూర యన్నది అన్నమునకు రంగు తగులుటకే గదా. పై మూడు పాదముల వాదము ఎటు తేలినను ఈ లోటు తీరదని వ్యాఖ్యాత మతము.

శంక: నలుగురున్న ఇంట దినమునకు 1600 గ్రాముల కూరగాయలు ఎవరు తరుగవలెను? సంబోధన ఇల్లాలికే గదా?

సమాధానము: కాదు. "కోమలాంగి" అనుచోట "కోటిలింగ" అని పాఠాంతరము. ఇది మగని పేరు. గణము చెడదు, యతియు చెడదు. ఆ పాఠమునే గ్రహించితిమి.